వేడిని తట్టుకునే ఎఫ్‌జీఎఫ్-2: ఖరీదెక్కువే, కానీ ఆదివారం మిగిలింది

మా కాకినాడ ల్యాబ్‌లో ఎలుక పిండాల మెదడు నుంచి తీసిన నాడీ మూలకణాలను పెంచుతాం. వాటికి మీడియా, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, ఎప్పటికప్పుడు అందించే ఫీడింగ్ డ్యూటీ నాది. ఆ మీడియాలో కణాల విభజన కోసం ఎఫ్‌జీఎఫ్-2 అనే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రొటీన్ కలుపుతాం. ఇన్నాళ్లూ మామూలు రకం వాడాం. ఈసారి వేడికి చెడిపోకుండా కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి తయారుచేసిన రకాన్ని, 50 మైక్రోగ్రాముల వయల్, హైదరాబాద్ డీలర్ ద్వారా తెప్పించాం. కొటేషన్ చూసి మా సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

అంత పెట్టి ఎందుకు కొనాలంటే, ఇంక్యుబేటర్ ఎప్పుడూ 37 డిగ్రీల్లో ఉంటుంది. మామూలు ఎఫ్‌జీఎఫ్-2 ఆ వేడిలో ఒక రోజు గడిచేసరికి చాలావరకు పనిచేయడం మానేస్తుంది, అందుకే ఆదివారం కూడా ఫీడింగ్‌కు రావాల్సిందే. దానికి అతుక్కుని కాపాడే హెపారిన్ అనే పదార్థం కలిపితే కొంత నిలబడుతుంది, అంతే. ఈ ప్రొటీన్ అందుతున్నంత కాలం మూలకణాలు మూలకణాలుగానే ఉండి విభజన చెందుతాయి, న్యూరోస్ఫియర్లనే గుండ్రటి ముద్దలై తేలుతూ పెరుగుతాయి. అది తగ్గిందా, కొన్ని అడుగుకు అంటుకుని, పోగులు చాచి, న్యూరాన్లుగానో, వాటికి తోడుండే ఆస్ట్రోసైట్ కణాలుగానో మారే దారి పడతాయి. ఇంకా చదివిద్దామనుకున్న పిల్లలు చెప్పాపెట్టకుండా ఉద్యోగంలో చేరిపోయినట్టు. తోడుగా వేసే ఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్‌తో ఇంత గొడవ లేదు. 1992లో రేనాల్డ్స్, వైస్ అనే శాస్త్రవేత్తలు ఎదిగిన చిట్టెలుకల మెదడు నుంచి ఇలాంటి కణాలను పెంచింది దానితోనే.

డెలివరీ సంగతి. మే నెల ఎండలో రాజమండ్రి మీదుగా వచ్చింది, డబ్బాలో ఐస్ ప్యాక్‌లు పూర్తిగా కరిగిపోయాయి. నాకు టెన్షన్. డీలర్ తరఫున తెచ్చిన రావులపాలెం కుర్రాడు మాత్రం "ఆయ్, పొడే కదండీ, ఏమీ అవదు" అన్నాడు. అతనన్న మాట నిజమే. ఫ్రీజ్ డ్రై చేసిన పొడి కొన్ని రోజులు బయట ఉన్నా తట్టుకుంటుంది. కానీ నీళ్లకు లేబుల్ తడిసి లాట్ నంబర్ చెరిగిపోయింది. ఇంత ఖరీదు సరుకుకు ఒక ప్లాస్టిక్ కవర్ వేయలేరా? ఇంకో మాట: వయల్‌లో పొడి కంటికి కనిపించదు. ఖాళీగా వచ్చిందని డీలర్‌తో గొడవ పెట్టుకోకండి, మూత తీసే ముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి.

పాతది, కొత్తది పక్కపక్క ప్లేట్లలో వేసి చూశాను, రెండూ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములే. శనివారం సాయంత్రం ఫీడింగ్, సోమవారం పొద్దున మైక్రోస్కోప్. పాతదాంట్లో అడుగుకు అంటుకున్న కణాలు బాగానే కనిపించాయి. కొత్తదాంట్లో ముద్దలు గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉన్నాయి, మూలకణాలను గుర్తుపట్టే నెస్టిన్ స్టెయిన్ కూడా బాగా వచ్చింది. అలాగని భోగి రోజు ఫీడింగ్ చేసి కనుమ దాటేదాకా ఊళ్లో ఉండిపోవచ్చనుకోవద్దు. ప్రొటీన్ నిలబడినా మీడియాలో పోషకాలు అయిపోతాయి, అది పసుపు రంగుకు తిరిగితే మార్చాల్సిందే. ముద్దలు మరీ పెద్దవైతే మధ్యలో కణాలు చచ్చి నల్లబడతాయి. దానికి ఏ గ్రోత్ ఫ్యాక్టరూ మందు కాదు.

కరపత్రంలో రాయని తిరకాసు ఒకటుంది. కణాలను న్యూరాన్లుగా మార్చాలనుకున్నప్పుడు ఎఫ్‌జీఎఫ్‌ను తీసేస్తాం. పాత రకమైతే కొంచెం మిగిలినా మర్నాటికి దానంతటదే పోయేది. ఇది పోదు. అడుగున మిగిలిన చుక్క కూడా పనిచేస్తూనే ఉంటుంది, కణాలు మారడానికి మొరాయిస్తాయి. ఇప్పుడు ఎఫ్‌జీఎఫ్ కలపని ఉత్త మీడియాతో రెండు మూడుసార్లు కడిగాకే మొదలుపెడుతున్నాం.

మీ ల్యాబ్‌లో ఆదివారం కూడా ఎవరో ఒకరు వస్తారనుకుంటే పాతదే చాలు, డబ్బు వృథా. మాలాగా ఒకే మనిషి మీద నడిచే చోట మాత్రం కొనండి. 50 మైక్రోగ్రాములతో రెండున్నర లీటర్ల మీడియా తయారవుతుంది, చిన్న ల్యాబ్‌కు అది ఎక్కువే. 10 మైక్రోగ్రాముల వయల్ కూడా తెప్పించమని డీలర్‌ని అడిగాను, కంపెనీకి రాస్తానన్నారు.