పాత ట్రాక్టర్‌కు ఇంజన్ పని చేయించాలా, కొత్త బండి తీసుకోవాలా?

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి ట్రాక్టర్లు ఇంకా పొలాల్లో కనిపిస్తాయి. మహీంద్రా 575, మాస్సీ 1035, స్వరాజ్ 735... ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయి, రంగు వెలిసి, పని మాత్రం ఆపని బండ్లు. అలాంటి బండి ఒకనాడు పొగ ఎక్కువ కొట్టడం, పొద్దున సెల్ఫ్‌కు అందుకోకపోవడం మొదలుపెడుతుంది. ఇక ఇంట్లో పంచాయితీ. "బోరు చేపిస్తే (ఇంజన్ విప్పి అరిగిన లోపలి భాగాలు మార్పిస్తే) ఇంకో పదేండ్లు నడుస్తది" అని తండ్రి. "దానికి పెట్టే పైసలు కొత్త బండికి డౌన్‌పేమెంట్ కడదాం నాయినా" అని కొడుకు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాకపోతే ఇంజన్ లోపల ఏముందో ఇద్దరూ చూడలేదు.

నా లెక్కలో దీనికి జవాబు చెప్పేవి ముఖ్యంగా మూడు. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఎంత అరిగింది, బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ ఒళ్లు) బాగుందా, ఇంజన్ వెనకాల ఉన్న బండి ఏ స్థితిలో ఉంది. వీటికి తోడు బండి సొంత పొలానికేనా, కిరాయికి కూడా తిరుగుతుందా అన్నది. బండి వయసును చూసి మాత్రమే తేల్చేస్తే నష్టపోతాం.

అంతకంటే ముందు, ఇంజన్ నిజంగా బోరుకు వచ్చిందో లేదో చూసుకోవాలి. నల్లపొగ అంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి ఉండొచ్చు, డీజిల్ చిమ్మే నాజిల్ కారుతుండొచ్చు, పంపు ఎక్కువ డీజిల్ కొడుతుండొచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నాజిల్, టైమింగ్, కంప్రెషన్ చూడాలి. దాంతోపాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కు, బ్లాక్‌కు మధ్య ఉండే పొర) మీద అనుమానం పెట్టుకోవాలి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. అది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గరనుంచి కావచ్చు, వాల్వ్ గైడ్ల దగ్గరనుంచి కావచ్చు. నాజిళ్లు టెస్ట్ చేయించి, పంపు కాలిబ్రేషన్ పెట్టించడానికి అయ్యే ఖర్చు ఇంజన్ పని ఖర్చులో చిన్న ముక్క. అది చూడకుండానే "ఇంజన్ దించుదాం" అనే మేస్త్రీ దగ్గర కాస్త ఆగి ఆలోచించడం మంచిది.

ఆ తర్వాత బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లోంచి రింగులు దాటి కిందికి జారే పొగ. ఇంజన్‌ను స్లోలో పెట్టి, ఆయిల్ పోసే మూత మెల్లగా తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే భయం లేదు. ఇంజన్ తిరుగుడుకు తగ్గట్టు పొగ గుప్పుగుప్పున కొడుతుంటే, మూత ఊరికే పైన పెడితే ఎగిరి పడుతుంటే రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అయిపోవచ్చాయని అర్థం. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. అన్ని సిలిండర్లూ ఒకేలా తగ్గాయా, ఒక్కటే పడిపోయిందా అన్నది ముఖ్యం. ఒకదానికీ ఇంకోదానికీ 10, 15 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ సిలిండర్ సంగతి విడిగా చూడాలి. ఒక్కటే పడిపోతే వాల్వ్ కాలి ఉండొచ్చు, హెడ్ పనితోనే సరిపోవచ్చు. సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి పెట్రోల్ బండ్లకు బాగుంటుంది. డీజిల్‌లో పిస్టన్ పైన మిగిలే జాగా చాలా తక్కువ కాబట్టి పోసిన ఆయిలే ఆ జాగా నింపి కంప్రెషన్ ఎక్కువ చూపిస్తుంది, తప్పుదారి పట్టిస్తుంది.

బోరుకు వచ్చిందని తేలాక చాలామంది ముందుగా అడిగేది "రింగులు మార్చి వదిలేద్దామా?" అని. చౌక కాబట్టి. హెడ్ దించాక లైనర్ పై అంచుకు కొంచెం కింద గోరు పెట్టి పైకి లాగండి. రింగు పోయే హద్దు దగ్గర ఒక మెట్టు తగులుతుంది. గోరు అక్కడ ఆగిపోయిందంటే లైనర్ అరిగి ఆ హద్దు మిగిలిందన్నమాట. అరిగిన లైనర్ గుండ్రంగా ఉండదు, కోలగా అవుతుంది. గుండ్రటి కొత్త రింగు కోల లైనర్‌లో సరిగా కూర్చోదు. పైగా ఆ మెట్టుకు తగిలి విరగొచ్చు కూడా. గోరుకు ఏమీ తగలకపోతే, లైనర్‌లో కొత్తప్పుడు పెట్టిన సన్నని హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తుంటే రింగులతో సరిపెట్టొచ్చు. అంత బాగున్న ఇంజన్‌ను విప్పే అవసరమే తక్కువగా వస్తుంది. అందుకే సగం పనికి నా ఓటు లేదు. కూలి, గాస్కెట్లు, ఆయిల్ ఖర్చు రెండుసార్లు పడుతుంది.

ఫుల్ ఇంజన్ పని అంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, బుష్‌లు, ఆయిల్ పంపు చెకప్, వాల్వులు, గైడ్లు, హెడ్ ఫేసింగ్. ఇందులో లైనర్ కిట్టు ఖర్చు ముందే తెలుస్తుంది. తెలియనిది క్రాంకు. పాత బండి కొన్నవాళ్లయితే మేస్త్రీని అడగాల్సిన మొదటి మాట "అన్నా, క్రాంకు ఇదివరకు కొట్టిచ్చిండ్రా, ఏ సైజుల ఉన్నది?" అని. పాత బేరింగ్ షెల్ తీసి వెనకవైపు తుడిచి చూస్తే సైజు అచ్చు ఉంటుంది: స్టాండర్డ్, 10, 20, 30. క్రాంకును గ్రైండింగ్‌లో ఎంత అరగదీశారో చెప్పే ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. 10 అంటే పావు మిల్లీమీటరు. స్టాండర్డ్‌లోనో 10లోనో ఉంటే నిశ్చింతగా పని చేయించొచ్చు. 30లో ఉండి, అదీ కోలగా అరిగి ఉంటే మళ్లీ గ్రైండింగ్ పెట్టించడానికి మిగిలేది తక్కువ, క్రాంకే మార్చాల్సి రావొచ్చు. అప్పుడు ఎస్టిమేట్ ఒక్కసారిగా ఎగురుతుంది. లేత్ షాపులో మైక్రోమీటర్‌తో ఒక్కో జర్నల్‌ను (క్రాంకు మీద బేరింగ్ కూర్చునే చోటును) రెండు దిక్కుల కొలిచి కాగితం మీద రాయించుకోండి. పగుళ్ల పరీక్ష కూడా అక్కడే చేయించండి. అంకెలు చేతికొచ్చాకే మిగతా సామాను ఆర్డర్ పెట్టాలి. ముందే పెడితే వెనక్కి తిరగలేం.

బ్లాక్ సంగతి ఇంకా కీలకం. మన దగ్గర బోర్‌వెల్ నీళ్లే రేడియేటర్‌లో పోసే అలవాటు ఎక్కువ. ఆ నీళ్లలోని ఉప్పు, సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాయి, ఇంజన్ వేడెక్కుతుంది. వెట్ లైనర్ ఉన్న ఇంజన్లలో నీళ్లు లైనర్‌కు నేరుగా తగులుతాయి కాబట్టి లైనర్ బయటివైపు, అది కూర్చునే చోట బ్లాక్‌లో తుప్పు గుంటలు పడతాయి. కింది రబ్బరు రింగులు పట్టు తప్పి నీళ్లు సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నెలోకి) దిగుతాయి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు పోసిన చాయలా కనిపించిందంటే బండిని అక్కడే ఆపేయాలి. లైనర్ మారుతుంది, బ్లాక్ గుంట మారదు. లైనర్ పై అంచు బ్లాక్ ముఖం కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పైకి ఉండాలి. అది కంపెనీ చెప్పిన కొలతలో లేకపోతే గాస్కెట్ ఎంత మంచిదేసినా పోతూనే ఉంటుంది. బేరింగ్ తిరిగిపోయి దాని ఇల్లు చెడిపోయినా, బ్లాక్ పగిలినా ఫుల్ పని ఆలోచన అక్కడితో మానుకోవచ్చు.

ఇప్పుడు డబ్బు. ఎస్టిమేట్‌ను కొత్త బండి మొత్తం ధరతో పోల్చి "ఇది నయమే" అనుకోవడం సరికాదు. కిస్తీతో పోల్చాలి. ఉదాహరణకు 5 లక్షల లోన్, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు, పంట చేతికొచ్చే లెక్కన ఆర్నెల్లకో కిస్తీ అనుకుంటే ఒక్కోటి దాదాపు 68 వేలు పడుతుంది. పది కిస్తీలకు 6 లక్షల 79 వేలు. క్రాంకు కొలతలు వచ్చాక మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేట్ ఒకటి, ఒకటిన్నర కిస్తీల్లో అయిపోతుంటే, బండి సొంత పొలానికే అయితే, నేను రెండో ఆలోచన లేకుండా ఇంజన్ పనికే పోతాను. మూడు కిస్తీలు దాటుతుంటే పాత బండిని పొగతోనే అమ్మేయడం మేలు. ఆ ఖర్చు అమ్మకం ధరలో తిరిగి రాదు.

ఏదీ చేయకుండా అలాగే తోలడమూ ఖరీదే. అరిగిన ఇంజన్ గంటకు అర లీటరు ఎక్కువ తాగిందనుకుందాం. ఏడాదికి 600 గంటలు తిరిగితే 300 లీటర్లు. లీటరుకు 95 రూపాయల లెక్కన 28,500. టాప్‌అప్ చేసే ఇంజన్ ఆయిల్ అదనం.

కొత్త బండి వైపు బలం లేదని కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 6 లక్షల అసలు ధర మీద అది 42 వేల తేడా. వారంటీ, పవర్ స్టీరింగ్, ఆయిల్ బ్రేకులు వస్తాయి. ఇంకోటి, ఇంజన్ పనితో పాత హెచ్‌పీ తిరిగొస్తుందే తప్ప కొత్తగా పెరగదు. 36 హెచ్‌పీ బండికి ఆరడుగుల రోటవేటర్ కట్టి పత్తి కట్టె దున్నించాలనుకుంటే అది ఇంజన్ బాగుచేస్తే తీరే కొరత కాదు, బండే చిన్నది. కిరాయికి తిరిగే బండికైతే నేను కొత్తదే అంటాను. నాట్ల టైంలో అందరూ ఒకేసారి పిలిచేటప్పుడు బండి ఒక్కరోజు నిలబడితే ఆ రోజు కిరాయే కాదు, పిలిచిన రైతు కూడా ఇంకొకరి దగ్గరికి పోతాడు.

50 హెచ్‌పీ దాటిన బండి చూస్తుంటే ఒక విషయం తెలిసి కొనండి. 2023 జనవరి నుంచి ఆ పైన ఉన్న ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో వాటిలో ఎలక్ట్రానిక్‌గా నడిచే కామన్ రైల్ ఇంజన్లు వస్తున్నాయి. డీజిల్ ఆదా బాగానే ఉంటుంది. కానీ సెన్సర్ పోతే ఊళ్లో మేస్త్రీ పానా పట్టుకొని ఏమీ చేయలేడు, స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్ నుంచి మనిషి రావాల్సిందే. షోరూం వరంగల్‌లో ఉండి, పొలం ఏటూరునాగారం అవతల ఉన్నవాళ్లు దీన్ని తక్కువగా చూడొద్దు.

మధ్యేమార్గంగా కొందరు తుక్కు బండి నుంచి ఇంజన్ తెచ్చి ఎక్కిద్దామంటారు. పడవలోనో, జనరేటర్‌లోనో అయితే ఇంజన్ బేస్ మీద కూర్చుంటుంది, మౌంటింగులు మార్చి వేరే కంపెనీది కూడా పెట్టుకోవచ్చు. చాలా ట్రాక్టర్లకు విడిగా ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్‌కు, వెనక గేర్‌బాక్స్‌కు మధ్య ఇంజన్ బ్లాకే వెన్నెముక. కాబట్టి అదే మోడల్ ఇంజన్ కావాలి. అదీ లోపల ఎలా ఉందో తెలియదు, విప్పి చూడకుండా ఎక్కించడం జూదం. విప్పితే మళ్లీ రింగులు, బేరింగులు, అదే ఖర్చు. పైగా ఇంజన్ నంబర్ మారుతుంది కనుక ఆర్‌టీఏ ఆఫీసులో తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తుక్కు షాపు బిల్లు, ఆ బండి కాగితాలు లేకుండా ఇంజన్ తెస్తే రేపు అమ్మేటప్పుడూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ చిక్కే. రాడ్ బయటికొచ్చి మన బ్లాక్ పగిలిపోయి, మిగతా బండంతా గట్టిగా ఉంటే మాత్రం ఇదొక్కటే దారి కావొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనడం కూడా దాదాపు ఇలాంటిదే. మన బండి జబ్బు మనకు తెలుసు, వాళ్ల బండిది తెలియదు.

ఇంజన్ మీద పైసా పెట్టేముందు వెనక భాగం చూడండి. రోటవేటర్ పైకెత్తి ఇంజన్ ఆపండి. కాసేపట్లోనే అది కిందికి దిగిపోతే హైడ్రాలిక్ పని ఉన్నట్టే. లోడ్ మీద గేరు జారుతోందా, కేజ్‌వీల్స్ కట్టి బురదలో తోలీ తోలీ యాక్సిల్ సీళ్లు, బ్రేకులు పాడయ్యాయా, వెనక టైర్లు ఎన్నాళ్లు వస్తాయి? ఇవన్నీ ఒకేసారి ఖర్చుకు వచ్చిన బండికి కొత్త ఇంజన్ పని దండగ. గేర్‌బాక్స్, లిఫ్ట్ గట్టిగా ఉంటే ఇంజన్ పని నిలబడుతుంది.

చేయించాలని నిర్ణయమైతే యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరాక, మే నెలలో దించండి. మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడితే లేత్ షాపుల్లో వరుస పెరుగుతుంది, మేస్త్రీ తొందరపడతాడు. ఫిట్టింగ్ రోజునే ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నె కడిగించి కొత్త ఆయిల్ పోయించండి, క్లీనర్ నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే రబ్బరు హోస్ మార్పించండి. చెలకల్లో గొర్రు కొట్టేటప్పుడు లేచే దుమ్ము ఆ పగిలిన హోస్‌లోంచే లోపలికి పోయి కొత్త లైనర్లను కూడా తినేస్తుంది. రేడియేటర్‌లో కూలెంట్ పోయండి.

ఫిట్టింగ్ అయ్యాక ఇంజన్‌ను రాత్రంతా స్లోలో తిప్పి వదిలే అలవాటు చాలాచోట్ల ఉంది. అది మంచిది కాదు. లోడ్ లేకుండా గంటల తరబడి తిరిగితే రింగులు లైనర్‌కు సరిగా పట్టవు, లైనర్ గోడ నున్నగా మెరుగెక్కి ఆయిల్ తాగడం మొదలవుతుంది. తేలికపాటి గొర్రు, ఖాళీ ట్రాలీతో మొదలుపెట్టి మెల్లగా లోడ్ పెంచండి. మొదటి 50 గంటల్లో రోటవేటర్, నిండు ట్రాలీ జోలికి పోవద్దు. 50 గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి వాల్వ్ క్లియరెన్స్ మళ్లీ పెట్టించాలి. ఆ రెండో రాకడ కూలి కూడా ఎస్టిమేట్‌లో ముందే రాయించుకుంటే మేస్త్రీతో తర్వాత మాటామాటా రాదు.