ఓపెన్‌అలెక్స్: మన తిరుపతి వర్సిటీల పేపర్ల లెక్కకు ఎంతవరకు పనికొస్తుంది?

ఏటా ఎన్ని పరిశోధన పేపర్లు వచ్చాయి, వాటికి ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లు వాటిని ఉదహరించడం) పడ్డాయి? పేపర్ల వివరాలిచ్చే స్కోపస్ డేటాబేస్‌కు చందా కట్టలేని సంస్థ ఈ లెక్క తీయాలంటే, 2022 జనవరిలో మొదలైన అలాంటి డేటాబేస్ ఓపెన్‌అలెక్స్‌ను మించింది లేదు. డేటా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇది: సరుకు మంచిదే, జల్లెడ మనమే పట్టాలి.

చిక్కంతా పేరు దగ్గరే. తిరుపతిలో శ్రీవేంకటేశ్వరుడి పేరుతో 1954 నాటి యూనివర్సిటీ (ఎస్వీయూ) ఉంది, స్విమ్స్ వైద్య సంస్థ ఉంది, వెటర్నరీ వర్సిటీ, మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఢిల్లీలో అదే పేరుతో కాలేజీ, ఉత్తరప్రదేశ్‌లోని గజ్రౌలాలో ఇంకో యూనివర్సిటీ! పేపరు మీది అడ్రసు చదివి సంస్థను తేల్చేది ఓపెన్‌అలెక్స్‌లో యంత్రమే కాబట్టి, ‘ఎస్.వి. యూనివర్సిటీ’ అని పొట్టిగా రాసిన పేపరు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేం. పిన్‌కోడ్‌తో వడకడదామంటే ఎస్వీయూకీ మహిళా వర్సిటీకీ ఒకటే, 517502.

అందుకే పేరుతో వెతకొద్దు. ఓపెన్‌అలెక్స్‌లో సంస్థ పేజీ తెరిచి రోర్ ఐడీ (ఒక్కో పరిశోధన సంస్థకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తీసుకుని దాంతో ఫిల్టర్ చేయండి. జాబితాను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు) దించి, రచయితలు రాసిన అసలు అడ్రసు ఉండే కాలమ్‌ను అక్షర క్రమంలో పెడితే పరాయి పేపర్లు బయటపడతాయి. ఇది సగం పనే. మన ఖాతాలో పడకుండా తప్పిపోయిన వాటి కోసం అడ్రసు పాఠంలో ‘తిరుపతి’ ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండూ, చివర హెచ్ ఉన్నదీ లేనిదీ, విడివిడిగా వెతకాలి. జిల్లా పేరును నమ్ముకోకండి. 2022 ఏప్రిల్ 4 వరకు ఇదంతా చిత్తూరు జిల్లా.

పాత లెక్కలకు ఇంకో మెలిక ఉంది. కడప పీజీ సెంటర్ 2006లో యోగి వేమన యూనివర్సిటీ అయింది. అంతకుముందు అక్కడి పేపర్లు ఎస్వీయూవే. వాటిని ఏ సంస్థకు వేయాలో ముందే తేల్చుకుని రిపోర్టులో ఒక వాక్యం రాయండి.

పేపరు రకం చెప్పే కాలమ్ కూడా చూడాలి. ఎడిటోరియళ్లు, సవరణలు, ప్రీప్రింట్లు (జర్నల్లో రాకముందే పెట్టిన ప్రతులు) కలిసి ఉంటే సంఖ్య ఉబ్బుతుంది. కొన్నిసార్లు ఒకే పేపరు ప్రీప్రింటుగా ఒకసారి, జర్నల్లో ఒకసారి కనిపిస్తుంది, డీఓఐలు (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు) వేరు కాబట్టి టైటిల్‌తోనే పట్టుకోవాలి. రిట్రాక్ట్ అయినవాటికి, అంటే జర్నల్ వెనక్కి తీసుకున్నవాటికి, గుర్తు ఉంటుంది, తీసేయండి. ఏపీఐతో (ప్రోగ్రాముతో నేరుగా డేటా తీసుకునే దారి) దించేవాళ్లు 10,000 రికార్డులు దాటితే కర్సర్ పద్ధతికి (ప్రతి జవాబులో వచ్చే గుర్తుతో తర్వాతి విడత అడగడం) మారాలి. మామూలు పేజీలు అక్కడితో ఆగిపోతాయి.

సైటేషన్ల సగటును మాత్రం రిపోర్టు మొదటి పేజీలో పెట్టొద్దు. వందల మంది రచయితలున్న ఒక్క అంతర్జాతీయ పేపరు చిన్న సంస్థ సగటును ఎక్కడికో తీసుకెళ్తుంది. మధ్యగతం (వరసలో పెడితే సరిగ్గా నడిమి అంకె), తన రంగంలో పై 10 శాతంలో నిలిచిన పేపర్ల వాటా, ఈ రెండూ ఇస్తే నిజం దగ్గరగా ఉంటుంది. ఫిజిక్స్ పక్కన తెలుగు శాఖను పెట్టి హెచ్-ఇండెక్స్ (పేపర్ల సంఖ్యనూ సైటేషన్లనూ కలిపి చెప్పే అంకె) పోల్చడం శుద్ధ దండగ. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం లాంటి చోట ఓపెన్‌అలెక్స్‌ను అసలు వాడకపోవడమే మేలు, డీఓఐ లేని పత్రికల్లో, సంపుటాల్లో వచ్చిన సంస్కృత వ్యాసాలు చాలావరకు ఇందులోకి రావు.

కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పేపర్ల లెక్క స్కోపస్, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ నుంచి వస్తుంది కాబట్టి ఓపెన్‌అలెక్స్ అంకెతో కలవదు. ఐక్యూఏసీ (సంస్థలో నాణ్యత చూసే విభాగం) వాళ్లు ఈ తేడా ఎందుకని అడుగుతారు. రోర్ ఐడీ, పెట్టిన ఫిల్టర్లు, డేటా దించిన తేదీ షీట్ పైవరసలోనే రాసి ఉంచండి.