రిపీటరా, సింప్లెక్సా, ఎన్‌వీఐఎస్సా? ఆపద వేళ హ్యామ్ బృందానికి ఏది మేలు

వరదో తుపానో వచ్చి సెల్ టవర్లు మూగబోయినప్పుడు హ్యామ్ (లైసెన్స్ ఉన్న ఔత్సాహిక రేడియో) వాలంటీర్ల పని చెప్పుకోవడానికి చిన్నదే: కంట్రోల్ రూమ్‌కూ ఆస్పత్రికీ పునరావాస కేంద్రాలకూ మధ్య మాట ఆగకుండా చూడాలి. ఆ మాట ఏ దారిన పోవాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది. విన్న మాటను ఎత్తైన చోటు నుంచి మరో ఫ్రీక్వెన్సీలో మళ్లీ పంపే రిపీటర్ ఉండగా ఇంకేం కావాలంటారు కొందరు. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) లేనిదే అత్యవసర స్టేషనే కాదంటారు ఇంకొందరు; ఆ తరంగాన్ని పైకి పంపి ఆకాశం నుంచి తిరిగి రప్పించే పద్ధతే ఎన్‌వీఐఎస్. ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కు నేరుగా మాట్లాడుకునే సింప్లెక్స్ ఊసు మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. మా లెక్కలో ఊరి స్థాయి పనికి మొదట చేయి తిరగాల్సింది అందులోనే. మిగతా రెండింటికీ వాటి చోటు ఉంది.

రిపీటర్: ఎత్తు ఉన్నంతసేపూ రాజే

రిపీటర్లూ చేతి సెట్లూ వాడే వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. హ్యాండీ (చేతి సెట్) పట్టుకుని నిలబడ్డ మనిషికి 1.5 మీటర్లు అనుకుంటే అది 5 కిలోమీటర్లు. అలాంటి ఇద్దరి మధ్య కాగితం మీద 10 వస్తుంది గానీ, ఇళ్లూ చెట్లూ అడ్డొస్తే 2, 3 కిలోమీటర్లకే గొంతు చెదిరిపోతుంది. అదే 100 మీటర్ల ఎత్తున రిపీటర్ ఉంటే దాని వాటా 41, మనిషి వాటా 5, మొత్తం 46 కిలోమీటర్లు. నిన్ననే లైసెన్స్ వచ్చిన వాలంటీర్ కూడా 5 వాట్ల సెట్‌తో జిల్లా అంతటికీ వినిపిస్తాడు. ఈ సుఖం ఇంకే పద్ధతిలోనూ లేదు.

చిక్కల్లా అందరి మాటా ఒకే పెట్టె గుండా పోవడం. కరెంటు పోతుంది, ఏళ్లుగా ఎవరూ పరీక్షించని బ్యాటరీ గంటలోనే చేతులెత్తేస్తుంది. గాలికి యాంటెన్నా పక్కకు వాలుతుంది, కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతాయి. రెండు రిపీటర్లను ఇంటర్నెట్‌తో కలిపి ఉంటే ఆ కలయిక అన్నిటికన్నా ముందు తెగుతుంది. ఇవేవీ కాకపోయినా, ఎవరి మైకో కారు సీట్ల మధ్య ఇరుక్కుని బటన్ నొక్కుకుపోయిందంటే అందరి నోరూ మూతపడ్డట్టే. మూడు నిమిషాల టైమర్ రిపీటర్‌ను ఆపుతుంది తప్ప ఆ మైకును వదిలించలేదు.

వాడేవాళ్ల వల్ల వచ్చే తప్పుల్లో మొదటిది టోన్. రిపీటర్ మాటతో పాటు 88.5 హెర్ట్జ్ లాంటి ఒక లోతైన టోన్ వినబడితేనే తెరుచుకుంటుంది. దాన్ని సెట్‌లో పెట్టుకోని మనిషికి అందరూ వినిపిస్తుంటారు, తనే ఎవరికీ వినిపించడు. ఎవరూ జవాబివ్వడం లేదనుకుని బ్యాటరీ అయిపోయేదాకా పిలుస్తూనే ఉంటాడు. రెండోది తొందర. బటన్ నొక్కీ నొక్కగానే మాట్లాడితే టోన్ గుర్తుపట్టేలోపు మొదటి పదం పోతుంది. ‘పన్నెండు మందికి ఇన్సులిన్’ అన్నది ‘మందికి ఇన్సులిన్’గా చేరుతుంది. నొక్కాక ఒక్క సెకను ఆగాలి.

ఇక ప్రోగ్రామింగ్. ఒక్కో రిపీటర్‌కు ఒక మెమరీ పెట్టి ఊరుకుంటే చాలదు, మూడు పెట్టాలి. ఒకటి మామూలుది. రెండోది దాని తిరగేసినది, అంటే రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీని మీరూ వినడానికి. అక్కడ అవతలి స్టేషన్ తేటగా వినిపిస్తే రిపీటర్‌ను ఖాళీ చేసి నేరుగా మాట్లాడుకోవచ్చు. మూడోది రిపీటర్ పంపే ఫ్రీక్వెన్సీ మీదే సింప్లెక్స్. రిపీటర్ పోయిన క్షణాన అందరి చెవులూ ఇంకా అక్కడే ఉంటాయి కాబట్టి, మొదటి పిలుపు అక్కడ ఇచ్చి, ముందే అనుకున్న వేరే సింప్లెక్స్ ఛానెల్‌కు మారిపోవాలి. అక్కడే ఉండిపోతే రిపీటర్ మళ్లీ ప్రాణం పోసుకున్నప్పుడు అందర్నీ తొక్కేస్తుంది.

సింప్లెక్స్: చూడ్డానికి పేద, నమ్మడానికి గట్టి

మధ్యలో పెట్టె లేదు, చెడిపోయేదేమీ లేదు. ఒక స్టేషన్ పోతే ఒక్కటే పోతుంది. ఆస్పత్రి వాళ్లు ఒక ఛానెల్‌లో, కేంద్రాల వాళ్లు ఇంకో ఛానెల్‌లో ఏకకాలంలో పని చేసుకోవచ్చు. పేదరికమంతా దూరంలోనే, దానికి మందు యాంటెన్నాలో ఉంది. కొత్తవాళ్లు ముందుగా వాట్లు కొంటారు. 5 నుంచి 50 వాట్లకు పెంచితే వచ్చేది 10 డెసిబెల్స్ (సిగ్నల్ బలం పెరుగుదల, తరుగుదలల కొలత), అవతలి మీటరు మీద రెండు గీతలు కూడా కదలదు. పైగా వాట్లు మాట్లాడ్డానికే పనికొస్తాయి, వినడానికి కాదు. చదును నేల మీద యాంటెన్నా ఎత్తు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ కలిసొస్తాయి, అదీ రెండు వైపులా. 9 మీటర్ల కర్ర మీద పెట్టిన యాంటెన్నాకు దిగంతం 12 కిలోమీటర్లు దాటుతుంది. అలాంటివి రెండుంటే 25 కిలోమీటర్ల దాకా లెక్క వస్తుంది.

యాంటెన్నాకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం అంటే 49 సెంటీమీటర్ల తీగ ఒకటి నిలువుగా, 51 సెంటీమీటర్లవి నాలుగు కిందికి 45 డిగ్రీలు వంచి, ఎస్‌ఓ-239 సాకెట్ మూలల్లో బిగిస్తే గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా తయారు. ఆ వంపు వల్లే ఇంపెడెన్స్ సెట్‌కూ కేబుల్‌కూ సరిపడే 50 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది, తీగల్ని అడ్డంగా వదిలేస్తే తక్కువ ఉంటుంది. దీనికి సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వేస్తే సుమారు 3 డెసిబెల్స్ అందులోనే ఆవిరి, అంటే సగం పవర్ దారిలోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213లో ఆ నష్టం సగానికి తగ్గుతుంది. 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో (435 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల; పైన చెప్పిన 145ది 2 మీటర్ల బ్యాండ్) సన్న కేబుల్ నష్టం ఇంకా ఘోరం.

సింప్లెక్స్‌ను నమ్మాలంటే ముందు పటం గీయాలి, ఇదే చాలా బృందాలు ఎగ్గొట్టే పని. వానలు లేని రోజున ఎనిమిది ముఖ్యమైన చోట్లు ఎంచుకోండి: కంట్రోల్ రూమ్, ఆస్పత్రి, నీళ్ల పంపు, కేంద్రాలు. ఎనిమిదింటి మధ్య 28 జతలు వస్తాయి. ప్రతి జతనూ రెండు వైపుల నుంచీ పిలిపించి తేట, గరగర, సున్నా అని మూడే మాటల్లో గళ్ల కాగితం మీద రాయాలి. ఒకసారి హ్యాండీతో, ఇంకోసారి బయట ఎత్తిన యాంటెన్నాతో. కాగితం నిండేసరికి ఒకటో రెండో చోట్లు అందర్నీ వింటున్నట్టు తేలుతుంది, తరచుగా అది కంట్రోల్ రూమ్ కాదు. నెట్ కంట్రోల్ (అందరి మాటకూ వరుస పెట్టే స్టేషన్) అక్కడికి మారాలి, లేదా ఆ చోట ఒక రిలే మనిషిని కూర్చోబెట్టాలి. అధికారుల పక్కనే కూర్చోవాలన్న ముచ్చటకు పోయి కాంక్రీటు భవనం కింది అంతస్తులో నెట్ నడిపితే సగం స్టేషన్లు మాయమవుతాయి.

రిలే మనిషి దొరక్కపోతే రెండు బ్యాండ్ల మొబైల్ సెట్‌ను క్రాస్‌బ్యాండ్‌లో పెట్టి ఎత్తైన చోట వదలడం ఒక దారి. 70 సెంటీమీటర్లలో విన్నదాన్ని 2 మీటర్లలో పంపుతుంది, అటు విన్నదాన్ని ఇటు. అయితే రెండు వైపులా టోన్ పెట్టాల్సిందే. పెట్టకపోతే ఎక్కడో రేగిన గరగరకే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని ఆపే తలుపు) తెరుచుకుని సెట్ ఆగకుండా ప్రసారం చేస్తూ వేడెక్కుతుంది. పవర్ తక్కువలోనే ఉంచాలి. దీనికి మీ లైసెన్స్ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి.

ఎన్‌వీఐఎస్: కొండ అవతలి వాళ్ల కోసం

జిల్లా దాటి 50 నుంచి 400 కిలోమీటర్ల మధ్య మాట్లాడాలన్నా, మధ్యలో కొండలున్నా వీహెచ్‌ఎఫ్‌తో పెనుగులాడ్డం దండగ. హెచ్‌ఎఫ్ తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే 250, 300 కిలోమీటర్ల ఎత్తున అయనోస్పియర్‌లో ఉన్న ఎఫ్ పొర నుంచి తిరిగొచ్చి చుట్టూ జల్లులా పడుతుంది. కొండలు దానికి అడ్డే కావు. అందుకోసం యాంటెన్నాను ఎత్తకూడదు. 3, 4 మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపిన రెండు చేతుల తీగ) చాలు. దూరదేశాలకు మాట్లాడే అలవాటున్న హ్యామ్‌లకు ఈ మాట ఒక పట్టాన మింగుడు పడదు.

143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కు 20.1, అంటే ఒక్కో చేయి 10 మీటర్లు. 3.65కు 39.2. ఒక్కో చేతిలో 10 మీటర్ల దగ్గర ఇన్సులేటర్, దాని మీదుగా క్లిప్ పెట్టి, అవతల మరో 9.6 మీటర్లు కలిపితే ఒకే తీగ రెండు బ్యాండ్లకూ సరిపోతుంది. తొడుగున్న తీగైనా, నేలకు దగ్గరైనా ట్యూనింగ్ కిందికి జారుతుంది కాబట్టి పొడుగ్గా మొదలుపెట్టి కొంచెం కొంచెం కత్తిరించుకోవాలి. డైపోల్ చివర్లలో వోల్టేజీ ఎక్కువ, 100 వాట్లకు చేయి తగిలితే కాలుతుంది. కేంద్రంలో పిల్లలు తిరుగుతుంటారు, చివర్లు చేతికి అందనంత ఎత్తులో ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది బ్యాండ్ ఎంపిక. పైనున్న పొర ఆ వేళ ఎంత ఫ్రీక్వెన్సీ దాకా తిప్పి పంపగలదో దానికి కాస్త కిందే ఉండాలి. పగలు 7 మెగాహెర్ట్జ్ బాగా నడిచి, చీకటి పడ్డాక దగ్గరి స్టేషన్లు ఒక్కొక్కటే మాయమై వెయ్యి కిలోమీటర్ల అవతలివి గణగణలాడితే, సెట్ చెడిపోలేదు, 3.5కు దిగాల్సిన వేళైంది. పగలంతా 3.5లోనే కూర్చుంటే ఎఫ్ కన్నా కింద ఉండే డి పొర సిగ్నల్‌ను తాగేస్తుంది. అందుకే మారే గంట కాగితం మీద ముందే ఉండాలి. ఎవరూ దొరకనప్పుడు పిలిచి చూడ్డానికి 7.110 మెగాహెర్ట్జ్ గుర్తుపెట్టుకోండి. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ తన ఒకటో, మూడో ప్రాంతాల్లో దాన్ని అత్యవసర పనికి కేంద్రంగా పెట్టింది.

ఎన్‌వీఐఎస్‌కు ఇంకో గండం సూర్యుడు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా హరికేన్ కరీబియన్ దీవులను కొడుతుండగానే ఎక్స్ 9.3 స్థాయి సౌరజ్వాల వచ్చి పగటి వైపు హెచ్‌ఎఫ్ మూగబోయింది. ఆ దెబ్బ ఊళ్లోని 2 మీటర్ల సింప్లెక్స్‌కు తగలదు. ఒక్క హెచ్‌ఎఫ్‌నే నమ్ముకున్న బృందాన్ని మేం పూర్తి బృందం అనుకోకపోవడానికి ఇదొక కారణం. ఆ సెట్ నడపగలిగేవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉండి వాళ్లూ అలసిపోవడం ఇంకో కారణం.

మాటా, డేటానా?

పిలుపు, హెచ్చరిక, అంబులెన్స్ లాంటివి గొంతుతోనే పోవాలి, అందరూ ఒకేసారి వింటారు. జాబితాలు మాత్రం రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్‌కు వదలండి. అరవై మంది పేర్లూ వయసులూ మందులూ రాసుకునే వేగంతో చదివి, తిరిగి అప్పగించుకునేసరికి పావుగంట పైనే ఛానెల్ బిగుసుకుపోతుంది. 1200 బాడ్ వేగంతో డేటా పంపే ప్యాకెట్‌ పద్ధతిలో అదే జాబితా ఒకటి రెండు నిమిషాల పని, అక్షరం తప్పు కూడా రాదు. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే బరువు బాగా తగ్గుతుంది. సందేశాన్ని ఇంటర్నెట్‌కు చేర్చే గేట్‌వే స్టేషన్ అందకపోతే స్టేషన్ నుంచి స్టేషన్‌కు నేరుగా పంపే పద్ధతి కూడా సాధన చేసి ఉండాలి. ఎందులో పంపినా రహస్యం ఉండదు, రోగి పేరుకు బదులు కేంద్రం ఇచ్చిన నంబరు చాలు.

బ్యాటరీ

పై మూడింట్లో ఏది ఎంచుకున్నా చివరికి నిలబెట్టేది ఇదే. మొబైల్ సెట్‌ను 25 వాట్లకు తగ్గిస్తే మాట్లాడేటప్పుడు సుమారు 7 యాంపియర్లు, వినేటప్పుడు అర యాంపియర్. ఐదో వంతు కాలం మాట్లాడితే సగటు 1.8. 20 యాంపియర్-అవర్ లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, అంటే ఐదున్నర గంటలు. అంతే ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 90 శాతం వాడుకోవచ్చు, అది 10 గంటలు, బరువూ సగం కన్నా తక్కువ. పైగా చాలా సెట్లకు 11.7 వోల్టులే కింది హద్దు. సగం వాడిన లెడ్ యాసిడ్ బటన్ నొక్కగానే అక్కడికి జారి సెట్ ఆరి వెలుగుతుంది.

లిథియంకు ఉన్న దుర్గుణం వోల్టేజీ చివరిదాకా 13 దగ్గరే నిలబడటం. మీటరు చూసి మిగిలింది చెప్పలేం, లోపలి రక్షణ బోర్డు ఒక్కసారిగా తెంచేస్తే మాట మధ్యలో ఆగుతుంది. యాంపియర్-అవర్లు లెక్కపెట్టే మీటరు వరుసలో ఉండాలి, అది 80 శాతం ఖర్చు చూపగానే నెట్ కంట్రోల్‌కు చెప్పి రెండో బ్యాటరీకి మారాలి.