పాత కారు బ్రేకు లైట్లు: టెస్టింగ్ బల్బు ముందు మీటరైనా, ఎల్ఈడీ అయినా దిగదుడుపే

మా ఇంట్లో 2004 మోడల్ మారుతి 800 ఉంది. చాలా ఏళ్లు బందరు ఉప్పుగాలిలో తిరిగింది, ఇప్పుడు బెజవాడలో ఉంటోంది. ఇంజనుతో పెద్దగా పేచీ లేదు. విసిగించేదల్లా వెనక బ్రేకు లైట్లే. ఒక వానాకాలం ఎడమది వెలగదు, ఇంకో వానాకాలం రెండూ వెలగవు, ఒక్కోసారి ఆరమన్నా ఆరవు. వయసు మీద పడ్డ ఏ బండికైనా ఇది తప్పదు కాబట్టి కంపెనీని అనడానికేం లేదు. ఈ రోగాల కోసం నేను మూడు వస్తువులు వాడుతూ వచ్చాను. ఆటోనగర్‌లో పాత హోల్డరుతో కట్టించుకున్న టెస్టింగ్ బల్బు, మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఆన్‌లైన్‌లో కొన్న ఎల్ఈడీ బ్రేకు బల్బుల జత. ఏళ్ల తరబడి వాడాక నేనిచ్చే మార్కులు కూడా సరిగ్గా ఈ వరుసలోనే ఉన్నాయి.

టెస్టింగ్ బల్బు అంటే కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర చూసినా ఉంటుంది. 12 వోల్టుల 21 వాట్ల బల్బు, దానికో హోల్డరు, రెండు పొడుగాటి వైర్లు, ఒకదాని చివర క్లిప్పు, రెండోదాని చివర సూదిమొన. బ్రేకు లైటులో ఉండే బల్బే ఇదీ. వెలగాలంటే దాదాపు 1.75 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాని గొప్పంతా ఆ లాగడంలోనే ఉంది.

మల్టీమీటరు అలా కాదు. అది లాగే కరెంటు లేనట్టే లెక్క. వైరు లోపల పోగుల్ని చిలుము తినేసినా సరే, మీటరు పెడితే నిక్షేపంగా 12 వోల్టులు పైనే చూపిస్తుంది. కరెంటు వస్తోంది కదా, బల్బే పోయి ఉంటుందని కొత్తది వేస్తాం. అదీ వెలగదు. రూపాయి అప్పు అడిగితే ఊళ్లో అందరూ షావుకార్లే, లక్ష అడిగినప్పుడే ఎవరి సంగతేంటో తెలిసేది. టెస్టింగ్ బల్బు లక్ష అడుగుతుంది. అలా చిలుము తినేసిన వైరు మీద దాన్ని పెడితే ఎర్రగా మిణుకుమని ఊరుకుంటుంది. జబ్బు అక్కడే ఉందని తెలిసిపోతుంది.

పాత బండిలో ఒకవైపు బ్రేకు లైటు మాత్రమే వెలగకపోతే, బల్బు తీసి చూశాక ఫిలమెంటు బాగుంటే, నేరుగా ఎర్త్ దగ్గరికి, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే కనెక్షన్ దగ్గరికి వెళ్లండి. ఎర్త్ పాడైతే కనిపించే లక్షణాలు తమాషాగా ఉంటాయి. బ్రేకు తొక్కితే అదే వైపు ఇండికేటరు సన్నగా వెలుగుతుంది. రాత్రి పార్కింగ్ లైట్లు వేసి బ్రేకు తొక్కితే కాంతి పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇండికేటరు వేస్తే దానితో పాటు బ్రేకు లైటు కూడా కొట్టుకుంటుంది. బాడీలోకి పోవడానికి దారి దొరకని కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా వెనక్కి తిరిగి వేరే దారి వెతుక్కుంటోందన్నమాట. ఇది చూసి స్విచ్ పోయిందనో, వైరింగు మొత్తం మార్చాలనో చెప్పేవాళ్లుంటారు. తొందరపడి ఒప్పుకోకండి.

మా బండిలో హోల్డరు నుంచి వచ్చే నల్ల వైరు చివర ఒక రింగు ఉంటుంది, దాన్ని బాడీకి స్క్రూతో బిగించారు. పైనుంచి చూస్తే ఏ లోపమూ కనపడదు. స్క్రూ విప్పి రింగు ఎత్తితే, దాని కింద పెయింటు పొంగి, వేలికి అంటే ఎర్రటి పొడి. రింగు లోపలి అంచున ఆకుపచ్చ చిలుము. సాండ్‌పేపరుతో రెండు వైపులా మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. ఖర్చు లేదు. పని బాగా కుదిరిందో లేదో చూడటానికి టెస్టింగ్ బల్బు క్లిప్పును ఏదైనా ప్లస్ వైరుకు తగిలించి, సూదిమొన ఆ స్క్రూ మీద పెట్టాలి. బ్యాటరీ మైనస్ మీద పెట్టినప్పుడు ఎంత వెలుగుతుందో ఇక్కడా అంతే వెలగాలి. కొంచెం మసకగా ఉన్నా పని పూర్తి కాలేదనే అర్థం.

హోల్డరు సంగతి కూడా చూడాలి. లెన్సు చుట్టూ ఉండే రబ్బరు బిరుసెక్కాక నీళ్లు లోపలికి దిగుతాయి, హోల్డరు అడుగున స్ప్రింగు పట్టు పోతుంది. బ్రేకు లైటుకీ టెయిల్ లైటుకీ (రాత్రి వెనక సన్నగా వెలిగేది) కలిపి వాడే 21/5 వాట్ల బల్బుకు రెండు పిన్నులు ఎత్తు తేడాతో ఉంటాయి, తిరగేసి పెట్టకుండా. కానీ హోల్డరు వదులైతే బలవంతంగా తిరగేసి కూడా దూరిపోతుంది. అప్పుడు రాత్రిపూట బండి ఎప్పుడూ బ్రేకు వేసినట్టే కనపడుతుంది, నిజంగా బ్రేకు వేస్తే సన్నగా వెలుగుతుంది. బల్బు మార్చిన వెంటనే ఇలా మొదలైతే ముందు దాన్ని తీసి చూడండి.

రెండు లైట్లూ ఒకేసారి పోతే ఎర్త్ జోలికి వెళ్లనక్కర్లేదు, అనుమానం ఫ్యూజు మీద, పెడల్ దగ్గరి స్విచ్ మీద. చాలా పాత బండ్లలో హారనుకూ బ్రేకు లైటుకూ ఒకటే ఫ్యూజు ఉంటుంది, కాబట్టి ముందు హారను కొట్టి చూడండి. అది మోగితే ఫ్యూజు బాగున్నట్టే, ఇక టెస్టింగ్ బల్బు క్లిప్పును బాడీకి తగిలించి, సూదిమొనను స్విచ్ రెండు వైర్ల మీదా పెట్టడమే. ఒకదాని మీద ఎప్పుడూ వెలగాలి, రెండోదాని మీద పెడల్ తొక్కినప్పుడు మాత్రమే.

ఇక రెండూ ఆరకుండా వెలగడం. ఇది నన్ను బాగా టెన్షన్ పెట్టింది. పొద్దున్న తాళం తిప్పితే చడీచప్పుడు లేదు. రెండు 21 వాట్ల బల్బులు కలిసి 3.5 ఆంపియర్లు తాగుతాయి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ రాత్రికి రాత్రి ఖాళీ అయిపోతుంది. కారణం పెడల్ కాడకున్న రంధ్రంలో దూర్చి ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ల. స్విచ్ మొన వచ్చి ఆనేది దానికే. ఏళ్లు గడిచాక అది పెళుసెక్కి పొడి అవుతుంది, మొన కాస్తా ఆ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొస్తుంది, స్విచ్ దృష్టిలో బ్రేకు తొక్కినట్టే. ఫుట్‌మ్యాట్ మీద తెల్లటి పెంకులు కనిపిస్తే ఇక వేరే వెతుకులాట అక్కర్లేదు. కొత్త బిళ్ల దొరికేదాకా ఆ రంధ్రంలో చిన్న బోల్టు, నట్టు బిగించి నడిపించవచ్చు. ఈ రోగానికి టెస్టింగ్ బల్బూ అవసరం లేదు, టార్చి చాలు.

మల్టీమీటరును మరీ తీసిపారేయను. సరిగ్గా వాడితే టెస్టింగ్ బల్బు కంటికి చూపించేదాన్ని అది అంకెల్లో చెబుతుంది. బల్బు హోల్డరులోనే ఉండాలి, ఎవరైనా పెడల్ తొక్కిపట్టాలి (మనిషి లేకపోతే సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర ముక్క), అప్పుడు హోల్డరు లోహానికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టులు చూడాలి. 0.2 లోపు ఉంటే మంచి ఎర్త్. ఒక వోల్టు వస్తే ఆ దారిలో ఎక్కడో చిలుము ఉంది. బల్బు తీసేసి కొలిస్తే మాత్రం ఆ అంకెకు విలువ లేదు. చాలామంది చేసేది అదే.

ఎల్ఈడీల దగ్గర నా ఓపిక అయిపోయింది. వాటి పక్షాన చెప్పాల్సింది చెప్తాను. ఫిలమెంటు బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో వెనక బండికి అది 3 మీటర్ల పైచిలుకు దూరం. తక్కువేం కాదు. కానీ నేను కొన్న జతలో టెయిల్ వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా అంతంతమాత్రం. రాత్రి నేను బ్రేకు వేశానో లేదో వెనకవాడు పోల్చుకోలేడు. తెల్ల ఎల్ఈడీ ఎర్ర లెన్సు వెనక గులాబీ రంగులోకి తిరిగింది. ఎర్రవి కొనాల్సింది అని మీరంటే నిజమే, అయినా ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో అవి వెలుగును సరిగా చిమ్మవు. ఏడాది తిరిగేసరికి వరుసకో డయోడు చొప్పున ఆరిపోవడం మొదలైంది.

అసలు కోపం అందుకు కాదు. ఎల్ఈడీకి కరెంటు కొంచెం చాలు. తుప్పు పట్టిన ఎర్త్ మీద కూడా వెలుగుతూనే ఉంటుంది. అదే ఎర్త్ మీద నడిచే ఇండికేటరు మసకబారేదాకా రోగం బయటపడదు. బ్రేకు లైటు బాగయిందని ఎల్ఈడీ వేసి పంపించే షాపుల్లో జరిగేది తరచుగా ఇదే, జబ్బు అలాగే ఉంటుంది. మళ్లీ మామూలు బల్బులే వేశాను. వెనక అద్దం లోపల విడిగా బిగించిన ఎర్ర ఎల్ఈడీ పట్టీ మాత్రం ఉంచేశాను, మూడో బ్రేకు లైటుగా. దాన్ని ఎల్ఈడీ కోసమే తయారుచేశారు కాబట్టి అక్కడ బాగానే పనిచేస్తోంది.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండి, ఆర్టీఏ ఆఫీసులో మళ్లీ అయిదేళ్లకు పొడిగించుకోవాల్సిన బండి మీ దగ్గర ఉంటే టెస్టింగ్ బల్బు ఇప్పుడే కట్టించుకోండి, ఫిట్‌నెస్‌కు వెళ్లే రోజు పొద్దున్న కాదు. ఒక్క జాగ్రత్త. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త కార్లలో ఈ 21 వాట్ల బల్బును వైర్లలో గుచ్చకండి, ఆ కరెంటుకు లోపలి మాడ్యూల్ కాలిపోవచ్చు. ఎయిర్‌బ్యాగు వైర్ల దరిదాపుల్లోకి అసలే వద్దు. అలాంటి బండికి ఎల్ఈడీ టెస్టరో మల్టీమీటరో వాడాలి. నా మార్కుల వరుస పాత బండికే వర్తిస్తుంది.