కడుపుతో ఉన్నప్పుడు నడకా, ఈతా?

గర్భంతో ఉన్నవాళ్లకు వ్యాయామం అనగానే ముందు గుర్తొచ్చేది నడక. చెప్పులు తొడుక్కుని బయల్దేరితే చాలు, కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. ఊపిరి కాస్త వేగం అందుకోవాలి గానీ పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఆయాసం అడ్డొస్తుంటే వేగం ఎక్కువైనట్టే. వారానికి మొత్తం కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అలవాటు లేనివాళ్లు రోజూ పది నిమిషాలతో మొదలుపెట్టినా మంచిదే.

అయితే ఏడో నెల దాటాక కొందరికి నడక కష్టమవుతుంది. పొట్ట బరువుకు నడుము లాగేస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఈత గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ఒంటి బరువును నీళ్లే మోస్తాయి, కాళ్ల మీద నీటి ఒత్తిడికి వాపు కూడా తగ్గుతుంది. ఈత రాకపోయినా ఛాతీ లోతు నీళ్లలో అటూ ఇటూ నడిస్తే ఆ హాయి దొరుకుతుంది. కానీ కొలను గట్టు తడిగా ఉంటుంది, జారితే ప్రమాదం. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా దిగాలి, దూకడం వద్దే వద్దు. వేడినీళ్ల టబ్బు జోలికీ పోవద్దు. ఒళ్లు మరీ వేడెక్కితే, ముఖ్యంగా మొదటి నెలల్లో, బిడ్డకు మంచిది కాదు.

నన్నడిగితే రోజువారీకి నడకే. నడుము నొప్పి, వాపు వేధిస్తుంటే ఈత. మాయ (ప్లాసెంటా) కిందికి ఉందనో, బీపీ ఎక్కువుందనో చెప్పి ఉంటే మాత్రం ఏది మొదలుపెట్టాలన్నా ముందు డాక్టర్‌ని అడగండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.