దమరు, షిజుకా ని సురు: ఏది ఎక్కడ మేలు?

జపనీస్‌లో ‘మాట్లాడకండి’ అనాల్సి వస్తే నేర్చుకునేవాళ్ల నోటికి ముందు వచ్చేది దమరు, తర్వాత షిజుకా ని సురు. నన్నడిగితే ఎదుటివాళ్లను గోల ఆపమనడానికి కళ్లు మూసుకుని రెండోదే వాడండి. క్లాసులో పిల్లలైనా పక్క ఫ్లాట్‌లో పార్టీ అయినా ‘షిజుకా ని షితె కుదసాయ్’ (దయచేసి నిశ్శబ్దంగా ఉండండి) అంటే ఎవరూ నొచ్చుకోరు. అదే చోట ‘దమత్తె కుదసాయ్’ అన్నారనుకోండి, ‘దయచేసి’ అనే కుదసాయ్ ఎంత మర్యాదైనా ‘కాస్త నోరు మూసుకుంటారా’ అన్నట్టే తగులుతుంది. ఇక ‘దమరె’ (నోర్ముయ్) అయితే సరేసరి, అది తగవులో విసిరే మాట, యానిమేలో విలన్లు అరిచారని ఆఫీసులో సరదాకి కూడా అనకండి.

తేడా ఎక్కడంటే, దమరు నోటికి సంబంధించింది, షిజుకా మొత్తం చప్పుడుకి. వీధి షిజుకా కావచ్చు, ఇంజన్ కూడా, కానీ అవి దమరు చేయలేవు. పైగా దమరు అంటే మాట ఆగిపోవడం. అందుకే హఠాత్తుగా మాట ఆపేస్తే ‘క్యూ ని దమత్తా’, అలాగే మాట్లాడకుండా కూర్చుంటే ‘దమత్తె ఇరు’.

అలాగని దమరుని పక్కన పడేయకండి, దాని సత్తా అంతా తె-ఫామ్‌లో, అంటే ‘తె’తో ముగిసే ‘దమత్తె’ రూపంలో ఉంది! ‘దమత్తె కఎత్తా’ అంటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడని. ‘షిజుకా ని కఎత్తా’ అంటే మాత్రం చప్పుడు చేయకుండా వెళ్లాడనే, అందరికీ చెప్పే వెళ్లి ఉండొచ్చు. ‘ఒయా ని దమత్తె’ అంటే అమ్మానాన్నలకు చెప్పకుండా, ఆ ‘ని’ సరిగ్గా మన ‘కు’ చోటే కూర్చుంటుంది కాబట్టి తెలుగువాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ‘బుచో ని వ దమత్తె ఇతె కుదసాయ్’ అంటే మేనేజర్‌కి చెప్పకండి, మన మధ్యే ఉంచండి అని. ఇక్కడ పెడసరం ఏమీ ఉండదు, ఎందుకంటే మీరు ఆపమంటున్నది ఎదుటివాళ్ల మాటల్ని కాదు, ఆ ఒక్క విషయాన్ని. ‘ఇవనైదె కుదసాయ్’ అన్నా నడుస్తుంది, కాకపోతే అది ఉత్త ‘చెప్పకండి’.

పేపర్లలో, కోర్టు వార్తల్లో ఈ రెండూ కాక ‘మొకుహి’ కనిపిస్తుంది, దమరు రాసే కంజీతోనే (చైనా నుంచి వచ్చిన అక్షరం) ఆ మాట మొదలవుతుంది. పోలీసుల ప్రశ్నలకు నిందితుడు జవాబివ్వకపోవడం అది, ఆ హక్కుకి ఆధారం జపాన్ రాజ్యాంగం 38వ అధికరణ. ఇంట్లో అలిగి మాట్లాడని తమ్ముడి గురించి చెప్పడానికైతే దమత్తె ఇరు చాలు.