అమీర్‌పేటా, అశోక్‌నగరా?

మాంద్యం దెబ్బకి ఆఫర్ లెటర్ ఉన్నా జాయినింగ్ డేట్ రానివాళ్లు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్లు హైదరాబాద్‌లో ఎక్కువగా తేలేది ఈ రెండు చోట్లే: సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే అమీర్‌పేట, ప్రభుత్వ ఉద్యోగాల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్. 2008లో అమెరికా బ్యాంకు లీమన్ బ్రదర్స్ కూలిన తర్వాతా అంతే, ఇప్పుడూ అంతే.

అమీర్‌పేటలో కోర్సు రెండు మూడు నెలల్లో అయిపోతుంది, ఫీజు పోతే పోయిందనుకోవచ్చు. కానీ కంపెనీలే తీసుకోనప్పుడు ఏ కోర్సు చేసి ఏం లాభం? పైగా గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతారు. ఆ భయంతో కొందరు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతుంటారు (దయచేసి ఆ పని చేయకండి).

అశోక్‌నగర్‌లో గ్యాప్ గొడవ లేదు, వయసు దాటకపోతే చాలు. చిక్కంతా టైముతోనే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన తెలంగాణ గ్రూప్-1నే చూడండి, అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకుతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది, చివరికి 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. అన్నాళ్లూ హాస్టల్ ఫీజు ఇంటి నుంచే రావాలి.

నన్నడిగితే, ఇంట్లోవాళ్లు రెండు మూడేళ్లు నెట్టుకురాగలిగితేనే అశోక్‌నగర్. లేదంటే అమీర్‌పేటే, అదీ ఏదో చిన్న ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం బ్యాచ్‌లో.